వంద కిలోమీటర్ల దారి, ఏడాది గోలీలు: ఏటూరునాగారం నుంచి చూసిన స్టెంటు చరిత్ర

ఏటూరునాగారం నుంచి హన్మకొండ సుమారు వంద కిలోమీటర్లు. తాడ్వాయి అడవి దాటి పస్రా, గోవిందరావుపేట, ములుగు, ఆత్మకూరు మీదుగా పోవాలి. గుండెపోటు వచ్చిన మా ఊరి మనిషి స్టెంటు కోసం ఈ దారినే హన్మకొండకో వరంగల్‌కో పోతాడు. అక్కడా కాదంటే హైదరాబాద్‌కు. నాలుగు రోజుల తర్వాత అదే దారిన చేతిలో ఫైలు పట్టుకుని తిరిగొస్తాడు. ఆ ఫైలు ముందుగా తెరిచేది మా మందుల దుకాణం కౌంటరు మీదే.

ఫైలు ముందు పెట్టి అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "స్టంటు ఏసిన్రన్నా. ఇగ ఏం గాదు గదా?"

మా నాయన ఈ దుకాణం పెట్టినప్పుడు ఆ ప్రశ్న అడిగే మనిషే లేడు. ఛాతీలో నొప్పి అంటే నాలుక కింద పెట్టుకునే చిన్న గోలీ, మంచం మీద విశ్రాంతి, దేవుడి మీద భారం. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లలో గుండెలో స్టెంటుతో తిరుగుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లడిగే ఆ ప్రశ్నకు సరైన జవాబు స్టెంటు చరిత్రలోనే ఉంది. ఈ నాలుగు దశాబ్దాల్లో స్టెంటు ప్రమాదం బాగా తగ్గింది. మిగిలిన ప్రమాదంలో పెద్ద భాగం మాత్రం ఆపరేషన్ బల్ల దిగి రోగి ఇంటికి చేరింది. మా దగ్గర ఇల్లంటే అడవిలో గూడెం కావచ్చు, వాగవతలి పల్లె కావచ్చు.

ఒక గండం దాటితే ఇంకొకటి

గుండె దాకా గొట్టం పంపవచ్చని మొదట చూపింది వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మన్ యువ వైద్యుడు. 1929లో ఎబర్స్‌వాల్డె ఆసుపత్రిలో తన చేతి సిరలోంచి సన్నని రబ్బరు గొట్టాన్ని తానే గుండె వైపు తోసుకున్నాడు. అలాగే నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి, గొట్టం కొస గుండెకు చేరిందని ఫోటో తీయించుకున్నాడు. అప్పట్లో అతన్ని తప్పుపట్టినవాళ్లే ఎక్కువ. 1956లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

గుండెకు రక్తం తెచ్చే ధమనులు ఎక్స్‌రేలో విడిగా కనిపించడం కూడా ప్రమాదం నుంచే మొదలైంది. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ పరీక్ష చేస్తుండగా, రంగుమందు అనుకోకుండా నేరుగా కుడి గుండె ధమనిలోకి పోయింది. రోగి గుండె కాసేపు ఆగింది. గట్టిగా దగ్గమని సోన్స్ కేక వేశాడు. దగ్గుతోనే గుండె మళ్లీ కొట్టుకుంది. ఇవాళ మనం యాంజియోగ్రామ్ అంటున్నది ఆ రోజు పుట్టింది.

1964లో పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ల వృద్ధురాలి కాలి ధమనిని లోపలి నుంచే వెడల్పు చేసి ఆ కాలు నిలబెట్టాడు. ఆ దారి పట్టుకున్న ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ జ్యూరిక్‌లో తన ఇంటి వంటగది బల్ల మీద చిన్న బెలూన్లు తయారుచేశాడు. 1977 సెప్టెంబరు 16న 38 ఏళ్ల రోగి గుండె ధమనిలో ఆ బెలూన్‌ను ఉబ్బించి అడ్డు తొలగించాడు. గుండెకు యాంజియోప్లాస్టీ అదే మొదలు.

బెలూన్‌కు రెండు చెడ్డ గుణాలు ఉండేవి. అది ధమని గోడను చీల్చేది. చీలిన గోడ లోపలికి వాలి ధమని అప్పటికప్పుడే మూసుకుపోయేది. అందుకే బెలూన్ వేసేటప్పుడు బైపాస్ చేసే సర్జన్ల బృందాన్ని పక్కనే సిద్ధంగా ఉంచేవాళ్లు. ఆ గండం గడిచినా, కొన్ని నెలల్లో నూటికి ముప్పై నలభై మందిలో ధమని మళ్లీ సన్నబడేది.

చీలిన గోడను నిలబెట్టడానికి వచ్చినదే స్టెంటు. 1986లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ ప్యుయెల్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ గుండె ధమనుల్లో లోహపు జాలీ గొట్టాలు అమర్చారు. అమెరికాలో హులియో పాల్మాజ్, రిచర్డ్ షాట్జ్ పేరుతో వచ్చిన స్టెంటుకు 1994లో అక్కడి ప్రభుత్వ అనుమతి దొరికింది. స్టెంటు మొదట భద్రత కోసమే పుట్టిందని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ఆ భద్రతకూ వెల కట్టాల్సి వచ్చింది. కొత్త లోహాన్ని చూస్తే రక్తం గడ్డకడుతుంది. మొదటి వారాల్లోనే స్టెంటు గడ్డతో మూసుకుపోతే పెద్ద గుండెపోటు వస్తుంది. దాన్ని ఆపాలని రక్తం పల్చబరిచే బలమైన మందులు ఇస్తే రోగులకు రక్తస్రావం అయ్యేది, వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉండాల్సి వచ్చేది. దీనికి దారి చూపినవి రెండు. స్టెంటును ఎక్కువ ఒత్తిడితో ధమని గోడకు పూర్తిగా ఆనేలా విప్పాలని ఇటలీలో ఆంటోనియో కొలంబో చూపించాడు. ఆస్పిరిన్‌కు తోడు మరో మాత్ర కూడా వేసుకోవాలని తేలింది. 1998లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్లలో నెలలోపు స్టెంటు మూసుకుపోవడం, గుండెపోటు, మరణం వంటి ప్రమాదాలు 3.6 శాతం. రెండో మాత్ర కలిపి వాడినవాళ్లలో 0.5 శాతం. స్టెంటు చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. భద్రతలో ఒక భాగం డాక్టరు చేతిలోంచి రోగి చేతిలోకి వచ్చింది ఇక్కడే.

ధమని మళ్లీ సన్నబడే బెడద మిగిలింది. దాని మందు ఎక్కడో పసిఫిక్ సముద్రం నడుమ ఈస్టర్ ద్వీపపు మట్టిలో దొరికింది. 1964లో అక్కడ సేకరించిన మట్టి నుంచి, అవిభక్త పంజాబ్‌లో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్ బృందం కెనడాలో సిరోలిమస్‌ను వేరుచేసింది. కంపెనీ ఆ పని ఆపేసినప్పుడు సెహగల్ ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజర్‌లో దాచి కాపాడాడు. 1999లో బ్రెజిల్‌లోని సావోపాలోలో ఎడ్వర్డో సౌజా ఈ మందు పూసిన స్టెంటును మొదటిసారి మనిషికి అమర్చాడు. ధమని మళ్లీ సన్నబడటం నూటికి పదిమంది లోపుకు దిగింది.

దానికీ మరో చిక్కు. ఏ మందు వల్ల లోపల కండ పెరగదో, అదే మందు వల్ల లోహం మీద సహజమైన పొర ఏర్పడటమూ ఆలస్యమైంది. 2006లో బార్సిలోనాలో జరిగిన యూరప్ గుండె వైద్యుల సమావేశంలో, ఏడాది దాటాక కూడా ఈ స్టెంట్లలో గడ్డలు కడుతున్నాయన్న లెక్కలు బయటపడి ప్రపంచమంతా కలవరపడింది. ఆ తర్వాత స్టెంటు తీగలు సన్నబడ్డాయి. తొలి సిరోలిమస్ స్టెంటు తీగ మందం 140 మైక్రాన్లయితే, ఇప్పటివి 60 నుంచి 80 మైక్రాన్లు. పూత మందులు మెరుగయ్యాయి. రెండు మాత్రలు వేసుకోవాల్సిన కాలం నెల నుంచి నెలలకు, గుండెపోటు వచ్చినవాళ్లకు ఏడాదికి పెరిగింది.

గొట్టం దూర్చే చోటు కూడా మారింది. 1989లో మాంట్రియల్‌లో లూసియన్ కాంపో మణికట్టు ధమని నుంచి యాంజియోగ్రామ్ చేశాడు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కిమెనీ అదే దారిలో యాంజియోప్లాస్టీ చేశాడు. తొడ నుంచి చేసినప్పటి కన్నా రక్తస్రావం బాగా తగ్గింది. ఇప్పుడు మా దుకాణానికి వచ్చేవాళ్లలో చాలామంది మణికట్టు మీది చిన్న మచ్చను చూపించి "గింతే కోసిన్రు" అంటారు.

హైదరాబాద్‌లో ఒక ప్రయత్నం, ఢిల్లీలో ఒక ఉత్తర్వు

స్టెంటు మన దేశానికి వచ్చిన కొత్తలో పెద్ద జబ్బు దాని ధరే. అన్నీ విదేశాల నుంచి వచ్చినవే. 1990లలో రక్షణ పరిశోధన సంస్థ అధిపతిగా ఉన్న అబ్దుల్ కలాం, హైదరాబాద్‌లో గుండె వైద్యుడు డాక్టర్ బి. సోమరాజు కలిసి ఈ దేశంలోనే తక్కువ ఖర్చుతో స్టెంటు చేయించారు. క్షిపణుల పని చేసే చోట పుట్టిన లోహ విజ్ఞానం రోగి ధమనిలోకి వచ్చింది. అదే కలాం–రాజు స్టెంటు. నిమ్స్‌లో పోలియో పిల్లల కాళ్లకు తొడిగే, మూడు కిలోలకు పైబడిన కాలిపర్‌ను క్షిపణి పదార్థంతో 300 గ్రాములకు తెచ్చినదీ ఆ రోజుల్లోనే. తర్వాత విదేశీ స్టెంట్లలో మందు పూసినవి వచ్చి ఆ తరం స్టెంట్లను వెనక్కి నెట్టాయి. అయినా, ఇక్కడా చేయగలం, చౌకగా చేయగలం అన్న నమ్మకం నిలిచింది. 2022లో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో పెద్ద స్టెంట్ల కర్మాగారం మొదలైంది.

రెండో మలుపు ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభించి, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా విస్తరించింది. అంతకుముందు స్టెంటు అన్న మాట చెవిన పడితే భూమి అమ్మాలా, బర్లను అమ్మాలా అనే లెక్క మొదలయ్యేది. తెల్లకార్డుతో స్టెంటు వేయించుకోవడం మా ప్రాంతపు పేదలకు నిజంగా ప్రాణం పోసింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచింది.

మూడోది ధర మీద కళ్లెం. కోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచాక, 2017 ఫిబ్రవరి 13న జాతీయ ఔషధ ధరల సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధర కట్టింది. అప్పట్లో మందు పూయని స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600 రూపాయలు. అంతకుముందు మందు పూసిన స్టెంటును లక్ష దాటించి అమ్మేవాళ్లు. బిల్లులో స్టెంటు ధర, దాని బ్రాండు, బ్యాచి నంబరు విడిగా చూపాలని కూడా ఆ ఉత్తర్వు చెప్పింది.

అందుకే నేను ఫైలు తెరవగానే డిశ్చార్జి సమ్మరీలో చిన్న స్టిక్కరు కోసం వెతుకుతాను. దాని మీద కంపెనీ పేరు, వెడల్పు 3.0, పొడవు 28 అంటూ మిల్లీమీటర్ల లెక్క, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఎన్ని స్టెంట్లు వేస్తే అన్ని స్టిక్కర్లు. ఏ ధమనిలో వేశారో పక్కన రాసి ఉంటుంది. మా దగ్గర చాలామంది ఆ కాగితాన్ని బియ్యం డబ్బాలోనో, పెట్టె అడుగునో పెడతారు. రేపు నొప్పి వస్తే కొత్త డాక్టరుకు ముందు కావలసింది ఆ కాగితమే. ఫోన్‌లో ఫోటో తీసి కొడుక్కో బిడ్డకో పంపమని అందరికీ చెప్తుంటాను.

దారి

గుండెపోటులో ధమని మూసుకున్న నిమిషం నుంచి కండరం చావడం మొదలవుతుంది. రెండు గంటల్లోపు పెద్దాసుపత్రిలో స్టెంటు వేయించే వీలుంటే నేరుగా అక్కడికే తీసుకుపోవాలి. ఆలస్యమవుతుందని తెలిస్తే ముందున్న ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి గడ్డ కరిగించే సూది వేయాలి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపాలి. ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఇది. మా లాంటి చోటుకు ఇది మరీ ముఖ్యం.

ఈ ప్రాంతపు చరిత్రంతా దూరం తగ్గించుకునే ప్రయత్నమే. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్‌లు మొదలయ్యాయి. గోదావరి అవతలి వాజేడు, వెంకటాపురం వాళ్లు ఒకప్పుడు పడవ దాటి ఇటు రావాలి, లేదంటే భద్రాచలం చుట్టి పోవాలి. 2016లో ముల్లకట్ట వంతెన తెరుచుకున్నాక వాళ్లకూ ఈ దారే దగ్గరైంది. అదే ఏడాది ఏటూరునాగారం వరంగల్ నుంచి విడిపోయి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో కలిసింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాకు వచ్చింది. కలెక్టరు ఆఫీసు దగ్గరైంది గానీ, గుండెపోటు వచ్చినవాళ్లు మాత్రం ఇంకా హన్మకొండ దారి పట్టాల్సిందే.

ఆ దారి కన్నా ఎక్కువ సమయం తినేది ఇంట్లో, దుకాణంలో జరిగే ఆలస్యం. ఒక సాయంత్రం మిర్చి చేను నుంచి ఒకాయన నేరుగా వచ్చాడు. అంగీ చెమటతో తడిసి ఉంది. ఎడమ చెయ్యి ఛాతీకి ఆనించుకుని, "పెద్ద గ్యాసు పట్టింది, మంచి గోలీ ఇయ్యి" అన్నాడు. గ్యాసుతో మనిషి అంత చెమటలు పట్టి, అంత తెల్లబోడు. కుర్చీలో కూర్చోబెట్టి ఆస్పిరిన్ నమిలించి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పంపాం. ఆయన ఇప్పుడు చేనుకు పోతున్నాడు. మందుల దుకాణం నడిపేవాళ్లు, పల్లెల్లో సూదులు వేసే ఆర్ఎంపీలు అందరూ ఈ ఒక్కటి నేర్చుకోవాలి. ఛాతీ బరువు, చెమట, ఎడమ చేయికో దవడకో పాకే నొప్పి, ఆయాసం. వీటికి గ్యాసు గోలీ ఇచ్చి ఇంటికి పంపడం ప్రాణం మీదికి తేవడమే. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చని కూడా తెలుసుకోవాలి.

గోలీలు

స్టెంటు వేసే గదిలో (క్యాథ్‌ల్యాబ్‌లో) ప్రమాదాలు లేవని ఎవరూ అనరు. ధమని చీలవచ్చు, గొట్టం పెట్టిన చోట రక్తం కారవచ్చు, రంగుమందు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు, అరుదుగా పక్షవాతం రావచ్చు, మరణమూ రావచ్చు. గుండెపోటు లేకుండా ముందుగా అనుకుని చేయించుకున్నవాళ్లలో మరణం నూటికి ఒకటి కన్నా తక్కువ. బల్ల మీద నుంచి హడావుడిగా బైపాస్‌కు తీసుకుపోవాల్సిన అవసరం ఇప్పుడు చాలా అరుదు. షుగరు, కిడ్నీ జబ్బు, పెద్ద వయసు, గుండెపోటు మధ్యలో చేయడం వంటివి ప్రమాదాన్ని పెంచుతాయి. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి, వాడుతున్న మందులన్నీ చూపాలి.

ఇంటికి వచ్చాక ప్రమాదం మరో రూపంలో ఉంటుంది. ఆస్పిరిన్, దానికి తోడు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్. ఈ రెండో మాత్రను డాక్టరు చెప్పకుండా ఆపేయడమే స్టెంటులో గడ్డ కట్టడానికి ముఖ్యమైన కారణం. అలా గడ్డ కడితే చాలామంది బతకరు. మా కౌంటరు మీద ఆ మాత్ర ఆగిపోయే దారులన్నీ నేను చూస్తున్నాను.

"నొప్పి పోయింది గద బిడ్డా, ఇంకెందుకు?" అని గూడెం నుంచి వచ్చిన తాత అడుగుతాడు. ఆయనకు నేను చెప్పేది ఒక్కటే: "తాతా, ఈ గోలీ నొప్పికి కాదు. లోపలున్న జాలి మూసుకపోకుండ." అలా చెప్తే ఆయన ఊకొట్టి గోలీల పట్టీ తీసుకుపోతాడు. డబ్బు తక్కువైన వారం రెండింటిలో చౌకది మాత్రమే ఇమ్మని ఇంకొకరు అడుగుతారు. పన్ను పీకించుకోవడానికి పోతే గోలీలు ఆపమన్నారని మరొకరు. పన్ను తీసినా, పుండు కోసినా, గుండె డాక్టరును అడగకుండా ఈ గోలీలు ఆపొద్దు.

ఇంకో ప్రమాదం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. మిర్చి ఏరే రోజుల్లో నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అంటూ డైక్లోఫినాక్ సూదులు, మాత్రలు ఇష్టమొచ్చినట్టు వాడతారు. రక్తం పల్చబరిచే రెండు మాత్రలకు ఇది తోడైతే కడుపులో పుండు పడి రక్తస్రావం అవుతుంది, గుండెకూ మంచిది కాదు. మలం నల్లగా వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

వర్షాకాలం మా ప్రాంతానికే ప్రత్యేకమైన ఇబ్బంది. 2022 జూలైలో గోదావరి వరద ఏటూరునాగారాన్ని, మంగపేటను చుట్టుముట్టింది. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి కొండాయిని ముంచెత్తింది. ప్రాణాలు పోయాయి, దారులు తెగాయి. అలాంటి రోజుల్లో పట్టీ అయిపోయిన స్టెంటు రోగికి వరద ఇంట్లోకి రాకపోయినా గండమే. అందుకే మృగశిర కార్తె వచ్చేలోగా రెండు నెలల గోలీలు ఇంట్లో ఉంచుకోమని స్టెంటు ఉన్న ప్రతివారికీ చెప్తాను. అలాగే, మేడారం జాతరకు పోయేవాళ్లు పట్టీని సంచిలో వేసుకోవాలి.

ఎవరికి కావాలి, ఎవరికి వద్దు

చెప్పకుండా వదలకూడని సంగతి ఇంకొకటి ఉంది. గుండెపోటు జరుగుతున్నప్పుడు స్టెంటు ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. గుండెపోటు లేకుండా, నడిస్తే నొప్పి వచ్చి కూర్చుంటే తగ్గే స్థిరమైన జబ్బు సంగతి వేరు. 2007లో 2,287 మందితో ముగిసిన కరేజ్ అధ్యయనం, 2020లో 5,179 మందితో వెలువడిన ఇస్కీమియా అధ్యయనం ఒకే మాట చెప్పాయి. ఇలాంటివాళ్లకు మంచి మందులతో పాటు స్టెంటు వేసినా మరణాలు తగ్గలేదు. నొప్పి తగ్గడానికి మాత్రం కొందరికి ఉపయోగపడింది. ఎడమ ప్రధాన ధమనిలో అడ్డు ఉన్నవాళ్లను, గుండె బాగా బలహీనపడ్డవాళ్లను ఆ అధ్యయనాల్లో చేర్చుకోలేదు. వాళ్ల సంగతి డాక్టరు విడిగా చెప్పాలి.

పేదవాడి కార్డు మీద డబ్బు వచ్చే చోట ఈ తేడా మరీ ముఖ్యం. 2024 నవంబరులో గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ఒక గ్రామంలో ఉచిత శిబిరం పెట్టి, 19 మందిని అహ్మదాబాద్ తీసుకుపోయి యాంజియోగ్రామ్ చేశారు. ఏడుగురికి స్టెంట్లు వేశారు. ఇద్దరు చనిపోయారు. ప్రభుత్వ బీమా డబ్బు కోసమే ఇలా చేశారంటూ కేసులు పెట్టారు. కాబట్టి రోగి నోరు తెరిచి అడగాలి: "నాకు గుండెపోటు వచ్చిందా, లేదా? ఇది ఇవాళే చేయాలా? మందులతో నడిపితే ఏమవుతుంది?" అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని భయపడనక్కర్లేదు. మంచి డాక్టరు జవాబు చెప్తాడు.

ఇంతకీ, స్టెంటు వేసుకుంటే ఇక ఏం గాదా? స్టెంటు మంచిదే. ఈ నాలుగు దశాబ్దాల్లో ఎందరో వైద్యులు, ఎందరో రోగులు కలిసి దాన్ని సురక్షితం చేశారు. మా ఏటూరునాగారం లాంటి చోట ఆ భద్రత పూర్తి కావాలంటే స్టెంటు వేసే ఆసుపత్రి బయట నాలుగు పనులు జరగాలి. ఇక్కడి సామాజిక ఆసుపత్రిలో పగలూ రాత్రీ ఈసీజీ తీసి చదివే మనిషి, గడ్డ కరిగించే సూది ఎప్పుడూ ఉండాలి. స్టెంటు రోగుల పట్టిక ప్రతి ఉపకేంద్రంలో ఉండి, బీపీ, షుగరు గోలీలు ఇచ్చినట్టే క్లోపిడోగ్రెల్ కూడా ఊళ్లోనే నెలనెలా అందాలి. వానలు పడకముందే రెండు నెలలవి ఇవ్వాలి. డిశ్చార్జి కాగితం మీద ఏ గోలీ ఏ తేదీ దాకా వేసుకోవాలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి ఇవ్వాలి. బీడీ, తంబాకు మానడం, షుగరు, బీపీ, కొవ్వు అదుపులో పెట్టుకోవడం రోగి వంతు. స్టెంటు ఒక్క చోటనే తెరిచింది, జబ్బు మాత్రం ధమనులన్నిటిలో ఉంది. ఈ నాలుగు పనుల్లో ఏదీ ఖరీదైనది కాదు. లక్షలు పెట్టి వేసిన స్టెంటును కొద్ది రూపాయల గోలీ లేక పోగొట్టుకోకుండా చూడటం మా అందరి బాధ్యత. నా కౌంటరు దగ్గర నా వంతు నేను చేస్తాను.